విత్తనాల బండి

ప్రశ్న: మాది జహీరాబాద్. పిల్లలకు అయిదేళ్లు, ఏడేళ్లు. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని ఏదైనా చెప్పండి. తిండి విలువ, కృతజ్ఞత తెలియాలి.

జవాబు: మీ పక్కనే పస్తాపూర్ ఉంది. అక్కడ పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు పాత విత్తనాలను ఎడ్లబండ్లలో అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర సంక్రాంతికే మొదలవుతుంది. ఆ సంఘాలకు 2019లో ఈక్వేటర్ ప్రైజ్ అనే అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. పిల్లలకు ముందుగా ఆ అవ్వల సంగతి చెప్పండి.

తర్వాత బంకమట్టితో రెండెడ్లు, ఒక బండి చేయించండి. కొమ్ము వంకరపోయినా సరిచేయకండి, అది వాళ్ల ఎద్దు. చిన్న మూకుళ్లలో జొన్న, సజ్జ, కొర్ర, కంది పోసి బండికెక్కించాలి. ఒక్కో గింజ ఎక్కేటప్పుడు ఒక్కో మనిషి పేరు: దున్నినవారు, కలుపు తీసినవారు, రొట్టె చేసిన నాయనమ్మ. ‘థాంక్స్ చెప్పు’ అని గద్దించొద్దు. అలా చెప్పించిన మాట నాలుకమీదే ఆగిపోతుంది. ముందు మీరే, ‘పొద్దున లేచి రొట్టెలు చేశావమ్మా’ అని మీ అమ్మకు చెప్పండి, పిల్లలు వింటారు.

ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు అందనీయకండి, ముక్కులో పెట్టుకుంటారు. పండగయ్యాక ఆ గింజలు పిట్టలకు వేయించండి.