రెండు పాటల నడుమ: లయశుద్ధియు స్వకీయశైలియు

మన బాలురు వివాహములయందును, గణేశోత్సవములయందును 'డి.జె.' సంగీతమును విని ఇంటికి వచ్చి, తామును ఆ విద్య నేర్చెదమని కోరుచున్నారు. తల్లిదండ్రులలో పలువురకు ఇది కేవలము పెద్ద చప్పుడనియే తోచును. ఆ యభిప్రాయమునకు కారణము లేకపోలేదు. ఊరేగింపు బండి ముందు నిలిచి గుండె యదరుట ఎఱిగినవారెవరును దానిని కాదనరు. కాని చప్పుడు హెచ్చించుట వేఱు, పాటలను కూర్చుట వేఱు. రెండవదానిని గూర్చియే మేమిచ్చట విచారింపదలచితిమి.

దీనికి ప్రేరణము మన బండ్రి పాఠశాల వార్షికోత్సవమే. ఆనాడు పాటలు నడపు పని ఇద్దఱు విద్యార్థుల కప్పగించితిమి. మొదటివాడు ల్యాప్‌టాప్ సాయముతో పాటను పాటతో అతుకు కనబడకుండ కలిపెను. ఒక్క దెబ్బయు తప్పలేదు. అయినను అరగంట గడచుసరికి ముందు వరుసలోని అవ్వలు కొంగు సర్దుకొని లేచిపోయిరి. పిల్లలు నేలపై కూలబడిరి. రెండవవాడు వారి మోములు చూచి, కన్నడ జానపదగీత మొకటి పెట్టి, దాని వెనుకనే తెలుగు కోలాటపు పాటను ఎత్తుకొనెను. సభ యంతయు కదలెను. కాని ఆ రెండింటి లయ కలియనందున కోలాటమాడు బాలికల కఱ్ఱలు గాలిలోనే నిలిచిపోయెను. ఒక చిన్నది ఏడ్చెను. పిమ్మట తల్లిదండ్రులలో వాదము పుట్టినది. మొదటివాడు నేర్చినవాడనిరి కొందఱు, రెండవవాడే కళాకారుడనిరి మఱికొందఱు. ఆ వాదము ఇంకను ముగియలేదు.

డిస్క్ జాకీ యనగా రికార్డులను నడుపువాడు. ఒక పాట ముగియకమునుపే రెండవదానిని దానిపై కలిపి, ఆడువారి అడుగు తప్పకుండ దాటించుట యాతని పని. ఇందలి కష్టము లెక్కవలన తెలియును. ఒక పాట నిమిషమునకు 120 దెబ్బలతోను, మఱియొకటి 121 దెబ్బలతోను నడచుచున్నవనుకొందము. రెండింటిని ఒకే దెబ్బపై ప్రారంభించినచో మొదట భేదము తెలియదు. పది సెకండ్లకు చెవికి తడబాటు తోచును. ముప్పది సెకండ్లకు ఒకదాని దెబ్బ రెండవదాని రెండు దెబ్బల నడుమ సరిగా పడును. అప్పుడు మృదంగములు రెండు కలహించినట్లుండును. కావున వేగమును సవరింపవలెను. 1979లో వెలువడిన టెక్నిక్స్ ఎస్.ఎల్.-1200 ఎంకె2 అను యంత్రముపై ఇందుకొక జారుడు మీట కలదు. దానితో వేగమును నూటికి ఎనిమిది పాళ్లవఱకు హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. అయితే రికార్డు వేగముగా తిరిగినకొలది శ్రుతియు పెరుగును; నూటికి ఆఱు పాళ్లు హెచ్చించినచో పాట సుమారొక స్వరస్థానము పైకి పోవును. లయ కుదిరినను శ్రుతి చెడు ప్రమాదమిది. అంతేకాక పల్లవి నడుమ పల్లవి ఎత్తుకొనరాదు. తాళావర్తము ముగిసిన చోటనే రెండవపాట ఎత్తుగడ పడవలెను. సంగీతము నేర్చిన తల్లులకు ఇది క్రొత్త సంగతి కాదు.

ఈ కళ పెరిగిన విధమును చూచినచో మన వాదమునకు కొంత వెలుగు దొరకును. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు భాగమున ఒక బాలిక, బడి తెఱచువేళకు క్రొత్త బట్టలు కొనుటకై, ప్రవేశరుసుము పెట్టి ఒక వేడుక జరిపెను. పాటలు నడపినవాడు ఆమె యన్న; జమైకాలో జన్మించిన క్లైవ్ క్యాంప్‌బెల్. లోకము అతనిని కూల్ హెర్క్ అని పిలుచును. గానము నిలిచి వాద్యములు మాత్రమే మ్రోగు కొలదిపాటి భాగముకొఱకే ఆటగాండ్రు కాచుకొని యుందురని అతడు గమనించెను. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని చెంత నుంచుకొని, ఆ భాగమును ఒకదాని వెనుక నొకటిగా వినిపించి సాగదీసెను. ఎన్నిక అద్భుతము, కాని ముల్లు దింపుటలో గుఱి తక్కువ. అతుకులు వినబడుచునేయుండెను.

ఆ కొఱతను తీర్చినవాడు వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్సు చదివిన జోసెఫ్ శాడ్లర్ అను యువకుడు. ఇతడే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. రికార్డుపై రంగుపెన్సిలుతో గుర్తు పెట్టి, ఎన్ని చుట్లు వెనుకకు త్రిప్పిన ఆ భాగము మరల మొదలగునో లెక్కించెను. సభకు వినబడకుండ రెండవ రికార్డును తానొక్కడే ముందుగా వినుటకు ఒక మీట అమర్చుకొనెను. అతుకు మాయమయ్యెను. కాని ఆ నేర్పును తొలిసారి జనులయెదుట చూపినప్పుడు వారు ఆడుట మాని, కదలక చూచుచు నిలిచిరనియు, తానందుకు ఏడ్చితిననియు ఆయనయే పిమ్మట చెప్పుకొనెను. మన మొదటి విద్యార్థికి జరిగినదియు ఇదియే గదా! అయినను ఫ్లాష్ తన లెక్కను విడువలేదు. మాటకారులను ప్రక్క నిలిపి జనులను పలుకరింపజేసెను. 1981లో మూడు యంత్రములతో ఏకధాటిగా ఒక కూర్పు చేసి రికార్డు వెలువరించెను. నడుమ తప్పు దొరలినచో మరల మొదటినుండి ఆరంభించెనట.

ఈ తగవు న్యూయార్కులోనే పుట్టినది కాదు. అంతకు ఎన్నో యేండ్లకు పూర్వమే మన బళ్లారి రంగస్థలముపై నడచినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) పాటలతో, పద్యములతో నాటకములు రచించి ఆడించిరి. పిమ్మటి కాలమున నటులు పద్యమును రాగముతో సాగదీయుటయే పరమార్థముగా నెంచిరి. 'వన్స్‌మోర్' అన్నంతనే చచ్చిపడిన పాత్ర లేచి మరల పాడిన కథలను పెద్దలు నేటికిని చెప్పి నవ్వుదురు. ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) ఈ పద్ధతిని అంగీకరింపలేదు. పద్యము పాత్రయొక్క భావమును మోయవలెనుగాని నటుని గొంతును ప్రదర్శింపరాదని ఆయన మతము. అట్లని ఆయన సాధన లేనివాడా? తెలుగున, కన్నడమున, ఆంగ్లమున నటించినవాడు. మూడు భాషల ఉచ్చారణమును పట్టువఱచుకొననివాడు మూడు భాషలలో స్వేచ్ఛగా నటింపగలడా?

నేడు ఒక క్రొత్త చిక్కు వచ్చినది. ల్యాప్‌టాప్‌లో 'సింక్' అను బొత్తాము కలదు. దానిని నొక్కినంతనే రెండు పాటల వేగములు తామే సరిపడును. శ్రుతి మాఱకుండ నిలుపు ఉపాయమును ఉన్నది. ఫ్లాష్ గదిలో కూర్చుండి సాధించినదానిలో అధికభాగము ఇప్పుడు వ్రేలిమొనపైనున్నది. అటులైన చెవికి శిక్షణ ఎందుకని పిల్లలడుగుదురు. మేము వారికి ఘంటసాల కాలపు సినిమా పాట నొకదానిని పెట్టి, సింక్ నొక్కుమంటిమి. నాడు గాయకుడును వాద్యబృందమును ఒకచోట చేరి పాడి వాయించెడివారు; గాయకుని ఊపిరితో లయ వెంట్రుకవాసి సాగును, ముడుచుకొనును. యంత్రమో కాలమును సమానమైన గళ్లుగా కోయును. పాట ఆ గళ్లలో ఇముడక, మూడవ చరణమునకు దారి తప్పినది. చేతితో నడపనేర్చిన పిల్లవాడు మాత్రమే దానిని పట్టుకొని రాగలడు. మన అవ్వల కోలాటపు పాటలును ఇట్టివే. అవి ఏ యంత్రపు గడియారమునకును లోబడి పుట్టినవి కావు.

ఇచ్చట మన పిల్లలకు సంబంధించిన అసలు విషయమున్నది. అందఱి యంత్రములు ఒకే విధముగా కలిపినప్పుడు, అందఱును ఒకే పాటలను కలిపెదరు. యంత్రమునకు సులభముగా లొంగినవే మిగులును. సరిహద్దు ఊరిలో ఇంట తెలుగు, వీథిలో కన్నడము పలుకు పిల్లవానికి రెండు భాషల పాటలును చెవినున్నవి. ఏ కన్నడగీతము వెనుక ఏ తెలుగు పాట ఒదుగునో అతడు చెప్పినట్లు నగరపు డి.జె. చెప్పజాలడు. అదియే అతని స్వకీయశైలి. అది బాలికల కఱ్ఱలను ఆపక, సభకు చేరవలెనన్న లయ కుదురవలెను. కావున మొదటి సంవత్సరము సింక్ బొత్తాము ముట్టరాదని మేము నియమము పెట్టితిమి. కఠినమని కొందఱనిరి, అనిననేమి, సరళీస్వరములను మూడు కాలములలో పాడింపక కృతి చెప్పు గురువెవడు?

ఇంటివద్ద చేయదగిన అభ్యాస మొకటి చెప్పెదము. గోడగడియారము ముందు పిల్లవానిని కూర్చుండబెట్టి, తల్లియో అవ్వయో ఒక కోలాటపు పాట పాడవలెను. పదునైదు సెకండ్లలో ఎన్ని దెబ్బలు పడినవో అతడు లెక్కించి నాలుగింట హెచ్చవేసినచో నిమిషపు వేగము వచ్చును. చివరి చరణమున మరల లెక్కింపవలెను. రెండు సంఖ్యలును సాధారణముగా కలియవు. పాట ఎచ్చట వేగమందుకొన్నదో వెదకుటయే పాఠము.

ఆ విద్యార్థులిద్దఱిచేతను ఈ యేడు కలిసి పని చేయించుచున్నాము. వచ్చు ఉత్సవమునకు పదునొకండు పాటల పట్టిక సిద్ధమైనది. నాలుగవ పాటకును ఐదవదానికిని నడుమ అతుకు ఇంకను కుదురలేదు. ఆ కోలాటపు పాటను మొదటినుండి చివరవఱకు ఎఱిగిన తల్లులు శనివారము మధ్యాహ్నము పాఠశాలకు వచ్చి ఒకమాఱు పాడి వినిపింపవలెనని కోరుచున్నాము.