తేట నీళ్లన్నీ మంచి నీళ్లేనా?

పల్నాడు ఆడవాళ్లకు నీళ్ల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఏ బావి నీళ్లు ఉప్పన, ఏ నీళ్లకు పప్పు ఉడకదు, ఏ నీళ్లకు సబ్బు నురగ రాదు, అన్నీ వాళ్లకు తెలుసు. నాలుకతో చూస్తారు. పొయ్యి మీద చూస్తారు. బట్టలు ఉతికి చూస్తారు. ఇవీ నీటి పరీక్షలే.

కానీ ఈ పరీక్షలకు దొరకనిది ఒకటుంది. దాని పేరు ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. నాలుకకూ తెలియదు.

రాయి నుంచి నీళ్లలోకి

వాన నీరు నేలలోకి ఇంకుతుంది. రాళ్ల సందుల్లో నిలుస్తుంది. చింతపండు నానితే పులుపు నీళ్లలోకి దిగుతుంది కదా. అలాగే రాతిలోని లవణాలు నీళ్లలోకి కొద్దికొద్దిగా దిగుతాయి.

పిడుగురాళ్ల వైపు సున్నపురాయి ఎక్కువ. అలాంటి చోట నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. అందుకే సబ్బు నురగ రాదు. వినుకొండ, బొల్లాపల్లి వైపు గ్రానైటు రాయి ఉంది. గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ వైపు కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది.

నీరు ఎన్నాళ్లు నేలలో ఉందో కూడా శాస్త్రజ్ఞులు లెక్క కడతారు. వాన నీటిలో ట్రిటియం అనేది అతి కొద్దిగా ఉంటుంది. సుమారు 12 ఏళ్లకు అది సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిస్తే నీరు కొత్తదో పాతదో తెలుస్తుంది. రాతిలో ఎక్కువ కాలం ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరగవచ్చు. అందుకని ఎంత లోతు బోరు వేస్తే అంత మంచి నీళ్లు అనుకోకూడదు.

పాపం కాదు, శాపం కాదు

ఫ్లోరైడ్ ఎక్కువైతే పిల్లల పళ్ల మీద సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగితే మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఎముకలు వంగిపోవచ్చు. వంగిన ఎముకను మళ్లీ మామూలుగా చేసే మందు లేదు.

ఇది అంటురోగం కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో ఈ జబ్బును చూసి, డాక్టర్లు 1937లోనే రాశారు. కృష్ణ అవతల నల్లగొండ జిల్లాలో ఎన్నో ఊళ్లు దీనితో బాధపడ్డాయి.

"కాచి తాగితే పోదా?" అని చాలామంది అడుగుతారు. పోదు. కాస్తే పురుగులు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉంటుంది. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బట్టతో వడగట్టినా పోదు.

ఒక్క అంకె గుర్తుంచుకోండి

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సరే. అది దాటితే తాగడానికి, వంటకు వాడకూడదు. బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు.

1 మిల్లీగ్రాము ఎంత? 200 లీటర్ల డ్రమ్ములు 5 తీసుకోండి. ఆ నీళ్లన్నిటిలో కలిపి 1 గ్రాము. అంటే చిటికెడు. అందుకే కంటికి, నాలుకకు అందదు.

పరీక్షకు నీళ్లు పట్టడం ఇలా

బోరును కొన్ని నిమిషాలు కొట్టి, ఆ నీళ్లు వదిలేయండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడగండి. నిండా పట్టి మూత బిగించండి. ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తేదీ చీటీ మీద రాసి అంటించండి. చీటీ లేకపోతే ఏ సీసా ఏ బోరుదో తెలియదు. ఇక్కడే చదువు పనికొస్తుంది.

సీసాను పంచాయతీ ద్వారా గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించవచ్చు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని చెప్పారు. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీలో అడగండి.

ఎక్కువ ఉంటే ఏం చేయాలి?

ఆ బోరు మీద "తాగరాదు" అని రాయించాలి. వేరే బోరు నీళ్లు గానీ, శుద్ధి చేసిన కాలువ నీళ్లు గానీ ఇవ్వమని గ్రామసభలో అడగాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కూడా ఉంది. దాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. పాళ్లు నీటిని బట్టి మారతాయి. కాబట్టి ఉజ్జాయింపుగా ఇంట్లో చేయకూడదు. పాలు, పెరుగు, రాగులు, ఉసిరి, జామ తింటే ఒంటికి కొంత బలం. కానీ అవి మంచి నీళ్లకు బదులు కావు.

చదవండి, చెప్పండి

మూడు బోర్ల చీటీలు వచ్చాయనుకోండి.
గుడి దగ్గర బోరు: 0.8
బడి దగ్గర బోరు: 3.4
చెరువు గట్టు బోరు: 1.3

1. పిల్లలకు ఏ బోరు నీళ్లు పట్టాలి?
2. ఏ బోరు మీద "తాగరాదు" అని రాయాలి?
3. మీ ఇంటికి నీళ్లిచ్చే బోరు చీటీ మీద ఏ అంకె ఉంది? తెలియకపోతే ఎవరిని అడుగుతారు?