సెల్‌ఫోనులో డేటా వ్యయము – లెక్క చూచుకొను విధము

గడచిన మిరపకారులో మన సంఘ సభ్యులొకరు మధ్యాహ్నవేళ కార్యాలయమునకు వచ్చి, తమ స్మార్టు ఫోనును బల్లపై నుంచి, కంపెనీవారు తమ్ము మోసగించుచున్నారని చెప్పిరి. దినమునకు 1.5 జి.బి. డేటా వచ్చు పథకమునకు ఆయన రీచార్జి చేయించియుండిరి. ఆనాడు పూవులలో నల్ల తామరపురుగు కనిపింపగా ఫొటో తీసి, తమకు తెలిసిన వ్యవసాయ శాస్త్రజ్ఞునకు పంపబోయిరి. ఫొటో కదలలేదు. పండ్రెండు గంటలకే నాటి డేటా ముగిసినదని సందేశము వచ్చెను. ఉదయమునుండియు తాము చేనిలో నుండగా ఫోను జేబులోనే యున్నదనియు, తాము చూచినది ఏమియు లేదనియు ఆయన వాదము. 2021లో ఈ పురుగు మన మిరపతోటల నెట్లు పాడుచేసెనో యెరిగినవారికి ఆయన ఆందోళనమును వేరుగ చెప్పనక్కరలేదు.

మేమును మొదట కంపెనీవారినే అనుమానించితిమి. ఫోనులోని లెక్కను తెరచి చూచిన పిమ్మట మా అభిప్రాయమును మార్చుకొనవలసి వచ్చెను. అట్టి లెక్క ప్రతి ఫోనులోను గలదు. దానిని తెరచి చూచువారు మాత్రము మనలో మిక్కిలి తక్కువ.

ముందుగా కొలతలను గూర్చి రెండు మాటలు చెప్పెదము. ధాన్యమునకు గిద్ద, సోల, మానిక, కుంచము ఉన్నట్లే డేటాకు బైటు, కె.బి., ఎం.బి., జి.బి. అనునవి కలవు. సుమారు వేయి బైట్లు ఒక కె.బి.; వేయి కె.బి.లు ఒక ఎం.బి.; వేయి ఎం.బి.లు ఒక జి.బి. (ఖచ్చితముగ చెప్పవలెనన్న వేయికి బదులు 1024 అని లెక్కింతురు.) తెలుగు వ్రాతలో ఒక్కొక్క గుర్తునకు 3 బైట్లు పట్టును. ‘క’ అనినచో 3, ‘కా’ అనినచో 6, ‘క్ష’ యందు మూడు గుర్తులు కూడియుండుటచే 9. ఈ ప్రకారము 500 గుర్తులు గల ఉత్తరమునకు ఒకటిన్నర కె.బి. చాలును. ఫోనుతో తీసిన ఒక మంచి ఫొటో 3 ఎం.బి. ఉండుట సామాన్యము. అనగా ఒక్క ఫొటో రెండువేల ఉత్తరముల బరువు. వ్రాతవలన డేటా తరిగిపోవునని భయపడువారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవచ్చును.

వీడియో సంగతి వేరు. అది కాలువనీటివలె తూము మూయువరకును పారుచునే యుండును. సెకనుకు ఒక మెగాబిట్ వేగమున పారు వీడియో గంటకు 450 ఎం.బి. త్రాగును. ఆ వేగమున 1.5 జి.బి. మూడున్నర గంటలు కూడ రాదు. బొమ్మ స్పష్టత పెరిగినకొలది వేగము పెరుగును. యూట్యూబులో 360 అను స్పష్టతతో చూచినచో గంటకు సుమారు 250 నుండి 300 ఎం.బి. పట్టుచుండగా, 720తో చూచినచో ఒక జి.బి.కి దగ్గరగనో అంతకు మించియో పట్టుచుండును. దృశ్యమునుబట్టి ఇది కొంత మారును. అరచేతి యంత తెరపై ఉపన్యాసము వినుటకు 360 ధారాళముగ సరిపోవునని మా అనుభవము. పురుగుమచ్చలను, తెగులు చిహ్నములను గుర్తింపవలసిన వీడియోకు మాత్రము లోభము పనికిరాదు. ఆ నాలుగు నిమిషములు స్పష్టత పెంచి చూచి, మరల తగ్గించుకొనవలెను.

ఇక లెక్క చూచుట. ఫోనులో ‘సెట్టింగ్స్’ తెరచి, పైనుండు వెదకు గడిలో ‘డేటా యూసేజ్’ అని కొట్టవలెను. ఒక్కొక్క కంపెనీ ఫోనులో ఇది ఒక్కొక్కచోట నుండుటచే వెదకుటయే సులభము. అందు ఏ యాపు ఎంత వాడినదియు, ఎక్కువ వాడినది పైన నుండునట్లు, వరుసగ కనబడును. యాపు పేరును తాకినచో చాలవరకు రెండంకెలు వచ్చును. ‘ఫోర్‌గ్రౌండ్’ అనునది మనము తెరచి చూచుచుండగా అయిన ఖర్చు. ‘బ్యాక్‌గ్రౌండ్’ అనునది మనము చూడకయున్నను, తెర ఆరియున్నను, ఫోను జేబులో నున్నను అయిన ఖర్చు. మన సభ్యునకు తెలియని పద్దు ఈ రెండవదియే. ఈ లెక్క సాధారణముగ నెలవారీగ నుండును. కావున ఉదయమొకసారి, రాత్రి యొకసారి అంకెలను కాగితముపై వ్రాసికొని తీసివేత చేసినచో, విద్యుత్ మీటరు చూచినట్లే, ఆ దినపు ఖర్చు తేలును.

మన సభ్యుని ఫోనులో దినవారీ లెక్కయే కనబడెను. బడికి పోవుటకు ముందు మనుమడు చూచిన వీడియోలు సగమునకు దగ్గర. తరువాతది ప్లే స్టోర్. ఆయన చేనిలో నుండగా అది కొన్ని యాపులకు క్రొత్త రూపములను తనంతట తాను దింపుకొనియుండెను. మూడవది వాట్సాప్. ఆయన పదునాలుగు గ్రూపులలో సభ్యులు. అందు వచ్చు శుభోదయ చిత్రములు, దేవతామూర్తులు, పెండ్లి వీడియోలు అన్నియు అడుగకయే ఫోనులోనికి దిగుచుండెను. (ఒకే శుభోదయము ఐదు గ్రూపులనుండి ఐదు మారులు దిగియుండుట చూచి ఆయనయు నవ్విరి.)

వీనిని కట్టడి చేయుట కష్టము కాదు. వాట్సాపులో ‘సెట్టింగ్స్’, అందు ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందు ‘మీడియా ఆటో-డౌన్‌లోడ్’ తెరచి, మొబైలు డేటాకు సంబంధించిన గుర్తుల నన్నిటిని తీసివేయవలెను. ఇక మనము తాకిన చిత్రము మాత్రమే దిగును. ఫేస్‌బుక్కు వంటివానియందు వీడియోలు తమంతట తామే ఆడు ఏర్పాటును ఆపవలెను. ఫోను సెట్టింగులలోని ‘డేటా సేవర్’ను తెరచినచో చూడని యాపుల చాటుఖర్చు చాలవరకు ఆగును. అయితే అప్పుడు కొన్ని యాపుల సందేశములు ఆలస్యము కావచ్చును గనుక, వాట్సాపువంటి అవసరమైన యాపునకు మాత్రము అక్కడనే మినహాయింపు ఈయవచ్చును. డేటాను ఆదాచేయుదుమని ప్రకటించు క్రొత్త యాపులను దింపుకొనుట మాకు సమ్మతము కాదు. ఫోనులో నున్న ఏర్పాటు చాలును.

యాపుల క్రొత్తరూపములను బొత్తిగ మానుట మాత్రము తప్పు. బ్యాంకి యాపులు, చెల్లింపు యాపులు క్రొత్తరూపములో లేనిచో భద్రత తగ్గును. ఇంట వైఫై గలవారు ‘ఓవర్ వైఫై ఓన్లీ’ అని పెట్టుకొన్న సరిపోవును. మన గ్రామములలో పెక్కుమందికి వైఫై లేదు. అట్టివారికి మేము చెప్పునది వేరు. దినవారీ పథకములలో మిగిలిన డేటా చాలవరకు మరునాటికి జమకట్టబడదు, అర్ధరాత్రితో మురిగిపోవును. కావున ఉదయమంతయు తూము కట్టియుంచి, రాత్రి పది గంటలకు మిగిలినది చూచుకొని, ఆ శేషముతో క్రొత్తరూపములు దింపుకొనవలెను. మనుమని వీడియోలును ఆ వేళకు ముందుగ దింపియుంచినచో మరునాడు డేటా లేకయే చూడవచ్చును. నీరు పల్లమునకు పోవు రాత్రివేళ దానిని చేనికి మళ్లించుకొనుట మనకు క్రొత్త విద్య కాదు.

దేశములోపలి మాటలకు వాట్సాప్ కాల్ చేయుట మరియొక వృథా. మామూలు కాల్ అనేక పథకములలో వేరు ఖర్చు లేకయే దొరకుచున్నది. అమెరికాలో ఉన్న బిడ్డలతో మాటలాడువారి విషయము వేరు. వారు ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ అను ఏర్పాటును తెరచుకొనవచ్చును. జి.పి.ఎస్. డేటాను తినునని కొందరి భయము. ఉపగ్రహముల సంకేతమును వినుటకు డేటా పట్టదు. తెరపై మ్యాపు దిగుటకే పట్టును.

ఇంత చేసినను ఒక్కొక్కదినము డేటా ముగియవచ్చును. అప్పుడు అనేక పథకములలో సంబంధము తెగదు. వేగము సెకనుకు 64 కిలోబిట్లకు, అనగా 8 కె.బి.లకు పడిపోవును. మన సభ్యుని ఫొటో 3 ఎం.బి. ఆ వేగమున అది పోవుటకు ఆరు నిమిషములకు పైగా పట్టును, నడుమ సిగ్నలు తెగినచో మరల మొదటికి రావచ్చును. చిత్రమును పంపుటకు ముందు పూవున్న భాగమును మాత్రము ఉంచి, చుట్టునున్న ఆకాశమును, గట్టును కత్తిరించినచో బరువు పదవవంతునకు తగ్గవచ్చును; పురుగు స్పష్టత చెడదు. వాట్సాపులో మామూలుగ పంపిన చిత్రమును ఆ యాపే కుదించును గనుక సన్నపురుగు అలుకుకొనిపోవుట కలదు. కత్తిరించి, ‘హెచ్.డి.’ గుర్తుతో పంపుట మేలు.

డేటా అక్కరలేని దారులను కూడ మరువరాదు. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 సంఖ్యకు మామూలు ఫోనుతోనే ఉదయము 6 మొదలు రాత్రి 10 వరకు తెలుగున ప్రశ్నింపవచ్చును. బ్యాంకి లెక్కతో ముడిపడిన నంబరునుండి *99# కొట్టినచో డేటా లేకయే నిలువ తెలియును, సొమ్ము పంపుటయు సాధ్యము. 2022 మార్చిలో ఆరంభమైన యు.పి.ఐ. 123పే బటన్ల ఫోను గలవారికిని పనికివచ్చును.

ఆనాడు ఆ సభ్యుని చిత్రమును కత్తిరించి మా యెదుటనే పంపించితిమి. నెమ్మదిగనైనను అది పోయినది. వారము దాటిన పిదప ఆయన మరల వచ్చి, రాత్రి భోజనవేళకు సగము డేటా మిగులుచున్నదనియు, మనుమడు మాత్రము తమపై కోపముగ నున్నాడనియు చెప్పిరి. తమ ఫోనులోని లెక్క తెలియగోరు సభ్యులు పనిదినములలో మధ్యాహ్నమునకు ముందు కార్యాలయమునకు రావచ్చును. ముందునాటి రాత్రి, ఆనాటి ఉదయము వ్రాసికొన్న అంకెల కాగితమును వెంట తెచ్చుకొనినచో పని త్వరగ జరుగును.