ఛార్జర్ పీకి చూడు

చిక్కడపల్లి

చి. బుజ్జికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ల్యాప్‌టాప్‌లన్నీ చూశాను. కీబోర్డు కింద ఎర్ర లైట్లు, వెనకాల ఇంతింత గాలి రంధ్రాలు, ఆరు జీబీ గ్రాఫిక్స్ కార్డు. అశోక్‌నగర్ హాస్టల్లో నీ మంచం పక్కనున్న ప్లగ్గుకి తగిలించి వాడుకునేట్టయితే వాటికి వంక పెట్టక్కర్లేదు. కానీ నువ్వు ఫొటోలు తీయడానికి పోతానంటున్నది కేస్లాపూర్ నాగోబా జాతరకి, ఆ తర్వాత మేడారానికి. జాతరకొచ్చే మెస్రం వంశం వాళ్ళు విడిది చేసే మర్రిచెట్ల కింద నీకోసం ప్లగ్ పాయింటు ఎవరు పెడతారు? ఫోన్లో చెబితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ సగంలో పెట్టేస్తావని తీరిగ్గా రాస్తున్నాను.

ఏ ల్యాప్‌టాప్ చూసినా ముందు ఒక్కటే అడుగు: ఛార్జర్ పీకేశాక ఇది ఎంత వేగంగా నడుస్తుంది? ఏ యాడ్‌లోనూ ఆ సంగతి రాయరు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కి 180 వాట్లు, 230 వాట్ల అడాప్టర్ ఇస్తారు. ఆ ఇటుక ఒక్కటే అరకిలో పైన తూగుతుంది. గోడ నుంచి అంత కరెంటు అందుతున్నంతసేపూ దూసుకుపోతుంది. పీకగానే బ్యాటరీ అంత ఇవ్వలేదు కాబట్టి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అయినా రెండు గంటలు తిరక్కుండా పడుకుంటుంది. షాపులో నువ్వు చూసే వేగం వేరు, ఉట్నూరు బస్సులో నీ ఒళ్ళో ఉండే వేగం వేరు. యాపిల్ వాళ్ళ ఎం సిరీస్ చిప్పుల్లో ఈ తేడా దాదాపు కనపడదు. వాటిని నేను మెచ్చుకునేది అందుకే, బొమ్మ చూసి కాదు. విండోస్‌లో కూడా తక్కువ కరెంటుతో నడిచే సన్నపాటి మోడళ్ళు ఇప్పుడు బాగానే వస్తున్నాయి.

దీనికే ఇంకో ముడి ఉంది. టైప్-సీ పిన్నుతో 65 వాట్లకి ఛార్జ్ అయ్యేదే తీసుకో. అప్పుడు ఫోన్ ఛార్జరూ ల్యాప్‌టాప్ ఛార్జరూ ఒకటే అవుతాయి, 65 వాట్లు ఇచ్చే పవర్‌బ్యాంకుతో కూడా నడుస్తుంది. పవర్‌బ్యాంకు 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు. విమానంలో అడక్కుండా తీసుకుపోగలిగేది 100 వాట్ అవర్ల వరకే, అదీ చేతిసంచిలోనే. రైలు సంగతి నీకు తెలియనిదా? రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఛార్జింగ్ పాయింట్లు ఆపేస్తుంటారు. నువ్వు కూర్చుని ఫొటోలు ఏరుకునే వేళ సరిగ్గా అదే.

బరువు కూడా చూసుకో. రోజూ పొద్దున్నే అశోక్‌నగర్ నుంచి సెంట్రల్ లైబ్రరీకి గ్రూప్స్ పుస్తకాలతోపాటు మోసుకెళ్ళేది నువ్వే. కిలోంబావుకీ రెండున్నర కిలోలకీ తేడా మొదటిరోజు తెలీదు, వారం తిరిగేసరికి భుజం చెబుతుంది.

ప్రాసెసర్ పేర్ల దగ్గర ఎక్కువ సేపు ఆగకు. ఐ7 అని స్టిక్కర్ చూసి మురిసిపోకు, చివరి అక్షరం చూడు. యు అని ఉంటే కరెంటు పొదుపుది, హెచ్ అని ఉంటే జోరుది. ఒకే తరంలో యు రకం ఐ7 కన్నా హెచ్ రకం ఐ5 ఎక్స్‌పోర్ట్ ముందు ముగించడం మామూలే. గత రెండు మూడేళ్ళలో వచ్చిన ఏ మధ్యరకం చిప్పైనా నీ పనికి చాలు.

ర్యామ్ దగ్గర మాత్రం బేరం వద్దు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. పెళ్ళిళ్ళకి మనం వేసే కరిజ్మా ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600 ఇంటూ 10,800, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్ళు. పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకున్నా ఒక నిండు లేయరుకి 117 ఎంబీ. 16 బిట్‌లో పనిచేస్తే దానికి రెట్టింపు. పెళ్ళికూతురి కటౌటు, వెనక మండపం, పైన పూలరేకులు, రంగు దిద్దడానికి ఇంకో రెండు అంటూ పోతే గిగాబైట్లలోకి వెళ్ళడానికి ఎంతసేపు? నువ్వు వెనక్కి కొట్టుకోవడానికి దాచుకునే ప్రతి అడుగూ అందులోంచే తింటుంది. పక్కన లైట్‌రూమ్, క్రోమ్‌లో డజను ట్యాబులు సరేసరి. ఎనిమిది జీబీ నిండిపోగానే మిగిలింది డిస్కు మీద రాయడం మొదలెడుతుంది, బాణం గుర్తు గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. 16 కనీసం. 32 దొరికితే ఆల్బమ్ పని కూడా నీకే పంపిస్తాను. పైగా సన్న ల్యాప్‌టాప్‌ల్లో ర్యామ్ చాలావరకు బోర్డు మీదే అతికేసి ఉంటుంది, తర్వాత వేయించుకుందాం అంటే కుదరదు. "పెంచుకోవచ్చు మేడమ్" అని షాపువాడు అంటే ఖాళీ స్లాటు ఉందో లేదో ఆ మోడల్ నంబరుతో వెతికి చూడు.

మరి గ్రాఫిక్స్ అసలు అక్కర్లేదా అంటావు. ఒకచోట కావాలి. త్యాగరాయ గానసభలో నువ్వు తీసిన కూచిపూడి ఫొటోలు చూశాను కదా, ఐఎస్ఓ 6400, ఎర్ర లైటు, బుగ్గ మీదంతా ఇసక. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ ఆ ఇసకని తీసేస్తుంది, కానీ బరువంతా గ్రాఫిక్స్ చిప్పు మీదే వేస్తుంది. మంచి చిప్పు ఉంటే ఫొటోకి అరనిమిషం లోపే. మామూలు ఇన్‌బిల్ట్‌దైతే నిమిషాలు పడుతుంది. అయితే అన్ని ఫొటోలకీ ఎవరు చేస్తారు? ఏరిన ముప్పైకి చేస్తావు. వాటిని హాస్టల్‌కి వచ్చాక ప్లగ్గుకి పెట్టి పడుకో, తెల్లారేసరికి అయిపోతాయి. ఆ ఒక్క పనికోసం కిలో బరువు అదనంగా మోయడం నాకు నచ్చదు.

వేగం కొనకుండానే తెచ్చుకునే ఉపాయం ఒకటుంది, చాలామంది వాడరు. కార్డ్ దింపేటప్పుడే లైట్‌రూమ్ క్లాసిక్‌లో స్మార్ట్ ప్రివ్యూలు కట్టమను. పొడుగు వైపు 2,560 పిక్సెళ్ళుండే చిన్న కాపీలు అవి. సెట్టింగుల్లో అసలు ఫైలుకి బదులు వాటి మీదే ఎడిట్ చేయమని టిక్ పెడితే పాత మెషీన్ కూడా స్లైడర్ జరిపిన వెంటనే పలుకుతుంది. ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైలు నుంచే చేయి.

స్క్రీన్‌కి వస్తున్నాను. పై మోడల్ చిప్పుకి పెట్టబోయే డబ్బు తగ్గించి ఇక్కడ పెట్టు. వివరాల కాగితంలో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్" అని కనపడితే ఇక ముందుకి చదవకు. ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా చూపించలేని తెర అది. దాని మీద బంతిపూల పసుపు పాలిపోతుంది, కుంకుమ ఇటుకపొడి అవుతుంది. నువ్వేమో రంగు తగ్గిందనుకుని స్లైడర్ ఎక్కిస్తావు, నారాయణగూడ ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చాక పెళ్ళికూతురి మొహం కమలాపండులా ఉంటుంది. నూరు శాతం ఎస్ఆర్‌జీబీ ఉండాలి, 400 నిట్స్‌కి దగ్గరగా వెలుగుండాలి. ఓలెడ్ తెరలు నువ్వు చెప్పిన బడ్జెట్లోనే వెతికితే దొరుకుతాయి, రంగు బాగుంటుంది. ఏ తెరైనా సరే, రాత్రి బెర్తు మీద లైట్లార్పి వెలుగు బాగా తగ్గించుకుని రంగులు దిద్దకు. కళ్ళు చీకటికి అలవాటుపడి ఏది చూసినా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. రాత్రిపూట ఏరుకో, పొద్దున దిద్దుకో.

డిస్కు 512 కనీసం, ఎన్‌వీఎంఈ రకం. అది సెకనుకి వేల ఎంబీలు మింగుతుంది, కాబట్టి నువ్వు ఆగేది అక్కడ కాదు, కార్డ్ రీడర్ దగ్గర. 24 మెగాపిక్సెళ్ళ రా ఫైలు 25 నుంచి 50 ఎంబీ దాకా ఉంటుంది, ఒక జాతరరోజు 40 జీబీ తేలిగ్గా నిండుతుంది. కోఠిలో రోడ్డు పక్కన కొన్న పాత యూఎస్‌బీ 2 రీడర్‌తో దింపితే ఇరవై నిమిషాలు. కార్డ్ మంచిదై రీడర్ యూఎస్‌బీ 3 అయితే ఏడెనిమిది నిమిషాలు. వెయ్యి రూపాయల వస్తువు చేసే పని లక్ష రూపాయల మెషీన్ చేయదు.

ల్యాప్‌టాప్‌లోకి దింపేశానని కార్డ్‌కి ఫార్మాట్ కొట్టేయకు. ఒక పోర్టబుల్ ఎస్ఎస్‌డీ కొని రెండో కాపీ అందులో పెట్టి, రెండూ తెరిచి చూశాకే కొట్టు. రెండూ ఒకే సంచిలో పెట్టి తిరగకు. జాతరలో నెట్ అందదు, క్లౌడ్ మీద ఆశ పెట్టుకోకు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఫొటోల గాజు పలకలు 2,800కి పైగా ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజు కిందపడితే పగులుతుందని అందరికీ తెలుసు కాబట్టి జాగ్రత్తగా మోశారు. ఎస్ఎస్‌డీ పోయేముందు చప్పుడు కూడా చేయదు.

ఆన్‌లైన్‌లో ధర చూసుకో, కానీ చూడకుండా కొనకు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ పరేడ్ గ్రౌండ్స్, అక్కడి నుంచి కంప్యూటర్ షాపులుండే సీటీసీకి ఆటో. నీ కార్డ్, నీ రీడర్ తీసుకుపో. వాళ్ళని అడిగి లైట్‌రూమ్ ట్రయల్ వేయించు, వంద రా ఫైళ్ళు దింపు, ఛార్జర్ పీకించు, ఒకే ప్రీసెట్ వేసి ఎక్స్‌పోర్ట్ పెట్టి ఫోన్లో టైమ్ చూడు. ఫ్యాన్ ఎంత అరుస్తుందో, అరచేయి పెట్టేచోట ఎంత కాలుతుందో కూడా చూడు. మొదటి ఇరవై ఫొటోలు పరిగెత్తి తర్వాత నీరసపడే మెషీన్లు ఉంటాయి, అందుకే వంద అన్నాను. చేయనివ్వకపోతే పక్క షాపు ఉంది.

ఆదివారం పొద్దున నారాయణగూడ తాజ్‌మహల్‌లో టిఫిన్ చేసి అటే పోదాం. గానసభ ఫొటోలున్న కార్డ్ తీసుకురా. బిల్లు నా పేరున వేయిస్తే జీఎస్టీ 18 శాతం లెక్కలో సర్దుకుంటాను, వాయిదాలు నువ్వు నాకు ఆల్బమ్ పనితో కట్టు. వదినతో ధర సంగతి నేను మాట్లాడతాను, నువ్వు ముందే నోరు జారకు.

మీ బాబాయి