నీటికాసులు – చూపును కాపాడే చుక్కలు

రాత్రి పడుకునే ముందు తాతయ్యో అమ్మమ్మో కంట్లో చుక్కల మందు వేసుకోవడం మనలో చాలామందిమి చూసే ఉంటాం. "బాగానే కనిపిస్తోంది కదా, ఇంకా మందెందుకు?" అని కొందరు మధ్యలో మానేస్తుంటారు. అది ఎందుకు ప్రమాదమో తెలుసుకుందాం.

మనం చూసే దృశ్యాన్ని మెదడుకు చేరవేసేది దృష్టి నాడి. అందులో 10 లక్షలకు పైగా సన్నని తంతువులుంటాయి. కంటి ముందు భాగంలో నేత్రోదకం అనే ద్రవం నిరంతరం ఊరుతూ, జల్లెడ లాంటి దారి గుండా బయటికి పోతుంది. తూము పూడితే తొట్టి నిండినట్లే, ఆ దారి సరిగా పనిచేయకపోతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా ఇది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. పెరిగిన ఒత్తిడికి నాడీ తంతువులు నశిస్తాయి. ఇవే నీటికాసులు, అంటే గ్లకోమా. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా ఈ జబ్బు వస్తుంది.

చాలామందికి నొప్పి ఉండదు. ముందు పక్కచూపు తగ్గుతుంది. పోయిన చూపు మళ్లీ రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే చికిత్స.

టిమోలాల్ చుక్కలు ద్రవం ఊరడాన్ని తగ్గిస్తాయి. లాటనోప్రాస్ట్ ద్రవం బయటికి పోయేలా చేస్తుంది. టిమోలాల్ ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. కాబట్టి ఒకరి మందు మరొకరు వాడకూడదు. ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఇంకా జబ్బు రాని 1,600 మందికి పైగా అమెరికాలో పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. 5 ఏళ్లలో మందు వాడనివారిలో నూటికి 9.5 మందికి, వాడినవారిలో 4.4 మందికి మాత్రమే జబ్బు వచ్చింది.

మనం చేయగల సాయం ఇది:

1. రోజూ అదే వేళకు మందు గుర్తు చేద్దాం.
2. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను 2 నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచమందాం. రెండో మందుంటే 5 నిమిషాలు ఆగాలి.
3. నాన్నగారికో అమ్మకో బదిలీ అయినప్పుడు మందు సీసా, పరీక్షల కాగితాలు లారీ సామానులో కాక చేతిసంచిలో పెడదాం. కొత్త ఊళ్లో డాక్టరుకు పాత కాగితాలే దారి చూపుతాయి.
4. ఈ జబ్బు కుటుంబాల్లో వస్తుంది. కాబట్టి అమ్మానాన్నలను కూడా కంటి పరీక్షకు వెళ్లమని అడుగుదాం.

ఊళ్లు మారినా చుక్కల వేళ మారకూడదు.