ఫోన్‌తో కారు క్యాంబర్ కొలవడం ఎలా? ముందు చక్రాల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుందాం

ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుందని మనలో చాలామందికి తెలుసు. గోడకి టీవీ బిగించేటప్పుడు ఒకసారి వాడి మర్చిపోతాం. ఆ యాప్ వెనక ఉన్న యాక్సెలరోమీటర్‌తోనే కారు ముందు చక్రాల క్యాంబర్‌ని డిగ్రీలో పదో వంతు, రెండు వంతుల దాకా కొలవొచ్చు. ప్రత్యేకంగా గేజ్ కొనక్కర్లేదు. కానీ నెంబర్ రావడం సగం పనే. ఎడమ చక్రం ఒకటి, కుడి చక్రం ఇంకొకటి చూపిస్తే, ఆ తేడా ఏ పార్టు దగ్గర పుట్టిందో తేలేదాకా స్పానర్ ముట్టుకోకూడదు. ఎందుకో ఒక నిజమైన కారుతో చెప్తాను.

ముందు బేసిక్స్ త్వరగా. కారుని ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం కారు లోపలికి వాలితే నెగటివ్ క్యాంబర్, బయటికి వాలితే పాజిటివ్. స్పోర్ట్స్ కార్లలో కావాలనే కొంచెం నెగటివ్ పెడతారు, మలుపులో టైరు రోడ్డుకి సరిగ్గా ఆనాలని. పై నుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు దగ్గరైతే టో-ఇన్, దూరమైతే టో-అవుట్. క్యాస్టర్ అంటే చక్రం ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో ఆ అక్షం, పక్క నుంచి చూస్తే, ఎంత వెనక్కి వాలిందన్నది. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఒకటి కదిపితే మిగతా రెండూ అలాగే ఉంటాయనుకోవద్దు.

కారు మాజ్డా ఎంఎక్స్-5 మియాటా, రెండో తరం, 2002 మోడల్. ఉండేది ఒహాయోలోని కొలంబస్‌లో, ఓనర్ నా రూమ్మేట్. అక్కడ చలికాలం వెళ్లేసరికి రోడ్ల నిండా గుంతలే. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగాయి. కుడిది మరీ ఎక్కువ, ఇంకొంచెం ఉంటే లోపలి తీగలు బయటపడేలా ఉంది. ఒక షాపువాళ్లు చూసి టో ఒక్కటే సరిచేస్తాం, కొత్త టైర్లు వేసుకోండి అన్నారు. వాడేమో "కారు స్టీరింగ్ వదిలేసినా సూటిగానే వెళ్తోంది కదా, అలైన్‌మెంట్ బాగానే ఉన్నట్టే" అన్నాడు. ఆ వారం అదే కారులో చికాగో వెళ్లాలి, సుమారు 350 మైళ్లు, గంటకి 70 మైళ్ల స్పీడులో. లోపలి అంచు అరిగిన టైరు పేలేది కూడా అలాంటి రోడ్డు మీదే. టైరుని బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి తడిమితే తప్ప తెలియదు.

సెన్సర్ చెప్పేదంతా నిజం కాదు

ఫోన్‌లోని యాక్సెలరోమీటర్ మూడు దిశల్లో గురుత్వాకర్షణని కొలుస్తుంది. కదలకుండా పెడితే, ఏ దిశలో ఎంత వచ్చిందో చూసి వాలు లెక్కకట్టొచ్చు. చిక్కేంటంటే ప్రతి సెన్సర్‌కీ పుట్టుకతో వచ్చే చిన్న ఆఫ్‌సెట్ ఉంటుంది. జీ విలువలో వెయ్యో వంతుని మిల్లీ-జీ అంటారు. ఆఫ్‌సెట్ 20 మిల్లీ-జీ ఉందనుకోండి, చిన్న నెంబరే అనిపిస్తుంది. కోణంలోకి మారిస్తే 1.15 డిగ్రీలు. మనం వెతికే తేడా కంటే పెద్ద తప్పు!

అయితే దీనికి మందు చాలా సింపుల్. రెండు చక్రాలకీ ఫోన్‌ని ఒకేలా పెట్టండి, స్క్రీన్ బయటికి, పై అంచు పైకి. అప్పుడు ఆ ఆఫ్‌సెట్ రెండు రీడింగుల్లోనూ ఒకే గుర్తుతో కలుస్తుంది. ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే పోతుంది. అంటే ఎడమ-కుడి తేడా విషయంలో మీ ఫోన్ ఎంత చౌకదైనా ఫర్వాలేదు. విడివిడిగా అసలు విలువలు కావాలంటే మాత్రం సున్నా సెట్ చేసుకోవాలి. ఒక అద్దం తలుపుకో, నున్నటి గోడకో దారానికి నట్టు కట్టి వేలాడదీసి, నిజంగా నిటారుగా ఉన్న చోటు చూసుకుని, అక్కడ ఫోన్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. మేస్త్రీలు గోడ చూసే పద్ధతే.

నేల వాలు దీనికి పూర్తిగా రివర్స్. నేల ఒక పక్కకి వాలి ఉంటే ఒక చక్రానికి ఆ వాలు కలుస్తుంది, రెండోదానికి తీసేయబడుతుంది. అంటే తేడాలో అది రెండింతలై కనిపిస్తుంది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నీళ్లు పోవడానికి పెట్టిన వాలు 0.3 డిగ్రీలు, కంటికి అస్సలు తెలియదు. అక్కడ ఒక వైపు తిప్పి కొలిస్తే ఎడమ -0.9, కుడి -1.2 వచ్చింది. అదే చోట కారుని వెనక్కి తిప్పి పెట్టి కొలిస్తే ఎడమ -0.3, కుడి -1.8. సగటు తీస్తే ఎడమ -0.6, కుడి -1.5. ఒక వైపే కొలిచి ఆపేస్తే 0.3 తేడానే కదా అని వదిలేసేవాళ్లం. అసలు తేడా 0.9.

కొలత తీసే పద్ధతి

నాలుగు టైర్లలో గాలి సరిచూసి, కారుని కొంచెం ముందుకీ వెనక్కీ నడిపి, స్టీరింగ్ సూటిగా పెట్టి ఆపండి. జాకీ నుంచి దించగానే కొలిస్తే ఆ నెంబర్ పనికిరాదు, సస్పెన్షన్ ఇంకా సర్దుకుని ఉండదు. టైరు మీద కొలవద్దు, కింద అది ఉబ్బి ఉంటుంది. రిమ్ము పై అంచుకీ కింది అంచుకీ ఆనేలా ఒక అల్యూమినియం పట్టీ నిలువుగా పెట్టి దాని మీద ఫోన్ అంటించండి. 15 అంగుళాల రిమ్ముకి ఆ రెండు అంచుల మధ్య దూరం దాదాపు 40 సెంటీమీటర్లు. ఆ పొడవులో ఒక డిగ్రీ అంటే 7 మిల్లీమీటర్లు. కాబట్టి రిమ్ము అంచున ఒక మిల్లీమీటరు సొట్ట ఉన్నా రీడింగ్ పాడైపోతుంది. కారుని చక్రం సగం చుట్టు తిరిగేంత దూరం జరిపి మళ్లీ కొలిచి సగటు తీసుకోండి.

ఫోన్ కవర్ తీసేయాలి. ఇప్పటి ఫోన్లకి కెమెరా బంప్ పెద్ద తలనొప్పి, వెనక్కి తిప్పి పెడితే ఊగుతుంది. బంప్ పట్టీ పై చివర దాటి బయట ఉండేలా పెట్టుకోవచ్చు, లేదా ఒకే మందం ఉన్న రెండు టేపు ముక్కల మీద ఆనించొచ్చు. యాప్ అయితే జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ నా ఛాయిస్. ఉచితం, మూడు దిశల రీడింగులూ విడిగా ఇస్తుంది. పది సెకన్లు రికార్డ్ చేసి సగటు తీసుకుంటే నాయిస్ తగ్గిపోతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోన్‌ని ఎండలో పెట్టి వెంటనే మొదలెట్టకండి, వేడిని బట్టి కూడా ఆఫ్‌సెట్ జరుగుతుంది.

తేడా ఉంది, కానీ ఎక్కడ?

ఇక్కడే అసలు డీబగ్గింగ్. చక్రం తిరిగే అక్షం, ముందు నుంచి చూస్తే, లోపలికి వాలి ఉంటుంది. దాన్ని స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్ అంటారు, ఎస్‌ఏఐ అని రాసుకుందాం. దానికి క్యాంబర్ కలిపితే వచ్చేది ఇంక్లూడెడ్ యాంగిల్. మియాటాలాంటి డబుల్ విష్‌బోన్ కారులో ఈ మొత్తం ఒకే ఒక్క లోహపు ముక్క మీద ఆధారపడుతుంది, అదే నకిల్. పైన కింద బాల్ జాయింట్లూ దానికే, చక్రం తిరిగే ఇరుసూ దానికే. ఆర్ములు ఎటు జరిగినా ఇంక్లూడెడ్ యాంగిల్ మారదు. అది రెండు పక్కలా వేరుగా ఉంటే నకిల్ వంగినట్టే, ఏ బోల్టు తిప్పినా లాభం లేదు. సమానంగా ఉండి క్యాంబర్ మాత్రమే వేరైతే నకిల్ బాగానే ఉంది, దాన్ని పట్టుకున్నవాటిలో ఏదో జరిగింది.

ఎస్‌ఏఐ, క్యాస్టర్ రెండూ ఒకే ప్రయోగంలో వస్తాయి. ముందు చక్రాల కింద మధ్యలో గ్రీజు రాసిన రెండేసి టైల్స్ పెట్టండి. ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి. చక్రాన్ని 20 డిగ్రీలు బయటికి, తర్వాత 20 డిగ్రీలు లోపలికి తిప్పండి. కోణం కోసం చాక్‌పీస్ చాలు: 100 సెంటీమీటర్లు ముందుకి, 36.4 సెంటీమీటర్లు పక్కకి గీస్తే 20 డిగ్రీలు. ఫోన్ చక్రానికే అంటి ఉంటుంది. ఈ రెండు స్థానాల మధ్య క్యాంబర్ ఎంత మారిందో దాన్ని 1.46తో గుణిస్తే క్యాస్టర్. స్క్రీన్ తలంలో ఫోన్ ఎంత తిరిగిందో, గడియారం ముల్లులా, దాన్ని 1.46తో గుణిస్తే ఎస్‌ఏఐ. ఆ 1.46 ఎక్కడిదంటే, 20 డిగ్రీల సైన్‌ని రెట్టింపు చేసి ఒకటిని దాంతో భాగించండి, అంతే. బ్రేక్ వదిలితే చక్రం దొర్లుతుంది, ఎస్‌ఏఐ చెత్తగా వస్తుంది. ఇక్కడ కూడా తీసుకునేది తేడానే కాబట్టి సెన్సర్ ఆఫ్‌సెట్ గొడవ లేదు.

మాకొచ్చినవి ఇవి. ఎడమ: ఎస్‌ఏఐ 11.6, క్యాంబర్ -0.6, మొత్తం 11.0. కుడి: ఎస్‌ఏఐ 12.4, క్యాంబర్ -1.5, మొత్తం 10.9. అంటే నకిల్ సేఫ్. ఇక క్యాస్టర్ చూస్తే ఎడమ 5.4, కుడి 3.7. ఇదే పెద్ద క్లూ.

ఈ కారు ముందు లోయర్ ఆర్మ్ "ఏ" అక్షరం ఆకారంలో ఉంటుంది. లోపలి వైపు రెండు చోట్ల, ముందొకటి వెనకొకటి, క్యామ్ బోల్టులతో బిగిస్తారు. బోల్టు తిప్పితే అక్కడ ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. ముందు క్యామ్ బయటికి జరిగితే కింది బాల్ జాయింట్ బయటికీ, వెనక్కీ పోతుంది. బయటికి పోవడం వల్ల నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది, వెనక్కి పోవడం వల్ల క్యాస్టర్ తగ్గుతుంది. వెనక క్యామ్ బయటికి జరిగినా క్యాంబర్ అలాగే పెరుగుతుంది కానీ క్యాస్టర్ కూడా పెరుగుతుంది. మన కారులో క్యాంబర్ నెగటివ్ పెరిగి, క్యాస్టర్ తగ్గింది. అనుమానం సూటిగా కుడి పక్క ముందు క్యామ్ మీదే.

కారు సూటిగా ఎందుకు వెళ్తోందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. కారు క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉన్న పక్కకి లాగుతుంది, అంటే ఇక్కడ ఎడమకి. క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకీ లాగుతుంది, అంటే కుడికి. రెండూ తగాదా పడి ఒకదాన్నొకటి ఆపేశాయి. మధ్యలో నలిగింది టైరు. దానికి తోడు, దారం కట్టి కొలిస్తే టోటల్‌గా 5 మిల్లీమీటర్లు టో-అవుట్ వచ్చింది. -1.5 క్యాంబర్ ఒక్కటే టైరుని ఇంతగా తినదు. టో-అవుట్ రెండు టైర్లనీ రోడ్డు మీద రుద్దుతుంటే, క్యాంబర్ ఆ రుద్దుడంతా కుడి టైరు లోపలి అంచు మీదికి తోసింది.

ఇప్పుడు ఊహించండి, క్యాంబర్ నెంబర్ ఒక్కటే చూసి ఎవరైనా వెనక క్యామ్‌ని లోపలికి తిప్పి సమానం చేశారనుకుందాం. ప్రింటవుట్‌లో క్యాంబర్ రెండు పక్కలా ఆకుపచ్చే. కానీ బాల్ జాయింట్ ఇంకా వెనక్కి పోయి క్యాస్టర్ తేడా ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్లూ దాన్ని ఎదిరించిన క్యాంబర్ లేదు కాబట్టి కారు కుడికి లాగడం మొదలెడుతుంది. వదులైన బోల్టు మాత్రం అలాగే ఉంటుంది.

సరిచేయడం

కారుని జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. ముందుగా చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, బేరింగులో, బాల్ జాయింట్లో ఆట ఉందేమో చూడాలి. స్ప్రింగు విరిగి ఆ మూల కిందికి దిగినా నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది, ఎత్తు కూడా కొలవాలి. ఇవేవీ లేవు. కుడి ముందు క్యామ్ దగ్గర లైటు వేస్తే చుట్టూ తుప్పు, ఒక్క పక్క మాత్రం నెలవంక ఆకారంలో మెరిసే లోహం కనిపించింది. జరిగిన క్యామ్ వదిలిన గుర్తు అది. నట్టు స్పానర్ పెట్టగానే తిరిగింది. మిగతా మూడూ ఉప్పుకి తుప్పు పట్టి కదల్లేదు, వాటి జోలికి పోలేదు కూడా.

పెయింట్ పెన్‌తో పాత స్థానం గుర్తుపెట్టి, క్యామ్‌ని మెరుపు ఉన్న దిశకే తిరిగి తెచ్చాం. దించి, కారుని ముందుకీ వెనక్కీ నడిపి, కొలిచి, మళ్లీ ఎత్తి... ఇలా నాలుగుసార్లు. ఫైనల్ టైట్ మాత్రం చక్రాల మీద బరువు ఉన్నప్పుడే చేయాలి, అందుకే నాలుగు చక్రాల కింద మందపాటి చెక్క దిమ్మలు పెట్టాం. బుష్‌లోని రబ్బరు స్లీవ్‌కి అతుక్కుని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరిగిపోతుంది. టార్క్ విలువ ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉన్నదే వాడండి.

చివరికి ఎడమ -0.6, కుడి -0.7. కుడి క్యాస్టర్ 5.2. రెండు ముందు టైర్లూ కొత్తవి వేయించి, టో సెట్ చేయడానికి అలైన్‌మెంట్ మిషన్ ఉన్న వేరే షాపుకి తీసుకెళ్లాం. టో ఎప్పుడైనా ఆఖర్నే, ఎందుకంటే మిగతా రెండింట్లో ఏది కదిలినా అది మారుతుంది. వాళ్ల మిషన్ క్యాంబర్‌కీ మా ఫోన్‌కీ ఎక్కువలో ఎక్కువ 0.2 తేడా వచ్చింది.

మన దగ్గర స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి కార్లకి ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, క్యామ్ బోల్టులు వెతకొద్దు. పరీక్ష మాత్రం అదే. ఇంక్లూడెడ్ యాంగిల్ వేరైతే స్ట్రట్టో నకిలో వంగింది. అది సమానంగా ఉండి ఎస్‌ఏఐ వేరైతే సబ్‌ఫ్రేమ్ పక్కకి జరిగిందేమో, స్ట్రట్ పై భాగం బిగించే చోటు వంగిందేమో చూడాలి. క్యాంబర్ అవుట్ అనగానే హైడ్రాలిక్ టూల్ తగిలించి స్ట్రట్‌ని వంచి నెంబర్ తెప్పించే షాపులు మనకి కొత్త కాదు. సబ్‌ఫ్రేమ్ జరిగిన కారుకి అలా చేస్తే బాగున్న స్ట్రట్ కాస్తా వంగుతుంది. టూల్ పెట్టకముందే ఎస్‌ఏఐ రీడింగ్ అడగండి, చాలా మిషన్లు ఇస్తాయి.

మియాటా క్యామ్ మీద చివరి స్థానానికి కొత్త రంగుతో ఇంకో గీత గీశాం. చికాగో వెళ్లి వచ్చాక, అంటే 700 మైళ్ల తర్వాత, లైటు వేసి చూస్తే గీత కదల్లేదు.