నిలిచిన బండిలో నడిచే ఇంజిన్: ఆత్మకూరు ప్రాంతపు డీజిల్ లారీలు, ట్రాక్టర్లలో దీర్ఘకాల ఐడ్లింగ్ – నష్టాలు, నివారణ

నంద్యాల జిల్లాలో కె.సి. కాలువ, తెలుగుగంగ ఆయకట్టు కింద వరి కోతలు మొదలైతే వెలుగోడు, ఆత్మకూరు పరిసరాలలో కోత యంత్రాలు, ట్రాక్టర్లు, లారీలు రాత్రీపగలూ పనిలో ఉంటాయి. ఇవి కదిలే సమయంతో పాటు, నిలిచి ఉండి ఇంజిన్ మాత్రమే తిరిగే సమయం కూడా గణనీయంగానే ఉంటుంది. కోత యంత్రం తొట్టి నిండే వరకు ట్రాక్టరు గట్టు పక్కన వేచి ఉంటుంది. తూకం వంతు వచ్చే వరకు లారీ మిల్లు ముందు వరుసలో నిలుస్తుంది. కర్నూలు–గుంటూరు మార్గంలో నల్లమలలోకి ప్రవేశించే ముందు, రాత్రివేళ అటవీ మార్గంలో రాకపోకలపై ఆంక్షలు ఉన్నప్పుడు, సరుకు బండ్లు గంటల తరబడి ఆగవలసి వస్తుంది. ఈ వేళల్లో 'బండి స్టార్టింగ్‌లోనే ఉంది' అని డ్రైవర్లు చెప్పే స్థితినే ఐడ్లింగ్ అంటారు. దీని వల్ల ఇంజిన్‌కు కలిగే నష్టం ఏమిటి, తప్పనిసరి అయినప్పుడు ఆ నష్టాన్ని ఎలా తగ్గించవచ్చు అనేది ఈ వ్యాసంలో విషయం.

నష్టం ఎలా కలుగుతుంది?

బరువు లేకుండా తిరుగుతున్న ఇంజిన్ అరగదని రైతులలోనే కాక కొందరు మేస్త్రీలలోనూ ఒక నమ్మకం ఉన్నది. డీజిల్ ఇంజిన్ పనిచేసే తీరును గమనిస్తే ఇది నిలవదు.

డీజిల్ ఇంజిన్‌లో గాలిని సుమారు 15 నుండి 20 రెట్లు కుదించగా పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. బరువు ఉన్నా లేకపోయినా ప్రతి చూషణ ఘట్టంలో సిలిండరు నిండా గాలి చేరుతుంది. మారేది ఇంధనం పరిమాణం మాత్రమే. ఐడ్లింగ్‌లో నిమిషానికి 600 నుండి 750 చుట్ల వద్ద చిమ్మే ఇంధనం అత్యల్పం. ఆ కొద్దిపాటి మంట వేడిని సిలిండరు నిండా ఉన్న గాలి, సిలిండరు గోడలు పీల్చుకుంటాయి. బరువు లాగేటప్పుడు 400 డిగ్రీల సెల్సియస్ దాటే పొగ వేడి, ఐడ్లింగ్‌లో 100–150 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. ఇంధనంలో కొంత భాగం పూర్తిగా మండదు. మండని డీజిల్ నాజిల్ కొనల మీద, వాల్వుల మీద, టర్బో రెక్కల మీద మసిగా పేరుకుంటుంది.

రెండో కారణం పిస్టన్ రింగులకు సంబంధించినది. రింగును సిలిండరు గోడకు అదిమి పట్టేది దాని స్వంత బిగువు ఒక్కటే కాదు. మండిన వాయువు రింగు వెనుకకు చేరి దానిని గోడ వైపు నెడుతుంది. బరువు లేనప్పుడు ఆ పీడనం తగ్గుతుంది, పట్టు సడలుతుంది. కింది నుండి ఆయిల్ పైకి, పై నుండి మండని డీజిల్ కిందికి జారుతాయి. ఇలా గంటల తరబడి సాగితే గోడ మీద ఆయిల్ నిలవడానికి ఉంచిన సన్నని గీతల గరుకుదనం పోయి నునుపైన పూత ఏర్పడుతుంది. ఆపై రింగులు సరిగా కూర్చోవు.

టర్బో ఉన్న ఇంజిన్లలో మరొక లక్షణం కనిపిస్తుంది. తక్కువ చుట్ల వద్ద టర్బో లోపలి వాయు పీడనం చాలనందువల్ల సీళ్ల గుండా ఆయిల్ చెమ్మగిల్లి పొగ గొట్టం అతుకుల వద్ద నల్లగా, జిగటగా కారుతుంది. దీనిని చూచి ఇంజిన్ 'బోరుకు వచ్చింది' అని తేల్చి, వేల రూపాయల పనికి దిగడం కద్దు. బండి గతంలో ఎన్ని గంటలు నిలిచి నడిచిందో విచారించి, వేడెక్కిన ఇంజిన్‌ను తగినంత బరువుతో కొంత దూరం నడిపి, కారుడు తగ్గినదో లేదో చూచిన తర్వాతే విప్పే నిర్ణయం తీసుకోవడం మంచిది. విస్తరణ శాస్త్రవేత్త ఈ ఒక్క సలహా సమయానికి ఇవ్వగలిగితే ఒక చిన్న రైతుకు ఒక పంట కాలపు మిగులును కాపాడినట్లే.

ఆయిల్‌లో డీజిల్: ఒక సులభ పరీక్ష

డీజిల్ కలిసిన ఆయిల్ పలుచబడి బేరింగుల మధ్య పొర నిలవదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరగడం దీనికి తొలి సూచన. ఆయిల్ తాగని మంచి ఇంజిన్ అని రైతు సంతోషించే సందర్భం నిజానికి ఆందోళన చెందవలసిన సందర్భం కావచ్చు. వెచ్చని ఇంజిన్ నుండి డిప్‌స్టిక్‌తో ఒక చుక్క తీసి వడపోత కాగితం మీద వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. మసి నడుమ నల్లగా నిలుస్తుంది, ఆయిల్ చుట్టూ పరుచుకుంటుంది, డీజిల్ ఉంటే అన్నిటికన్నా వెలుపల లేత వలయంగా కనిపిస్తుంది. కచ్చితమైన శాతం తెలియాలంటే జిగట, జ్వలన స్థానం ప్రయోగశాలలో కొలవాలి. 5 శాతం దాటిన ఆయిల్‌ను గడువుతో పనిలేకుండా మార్చవలసిందే.

మన వాతావరణంలో తేడా

ఐడ్లింగ్‌పై లభించే సాహిత్యంలో ఎక్కువ భాగం చలి దేశాలది. అక్కడ డీజిల్ గడ్డకట్టకుండా, క్యాబిన్ వెచ్చగా ఉండేందుకు రాత్రంతా ఇంజిన్ నడుపుతారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఆత్మకూరులో ఆ అవసరం లేదు. అయితే ఎండ ఉన్నంత మాత్రాన ఇంజిన్ లోపల తగినంత వేడి ఉందని అర్థం కాదు. నీరు 80 డిగ్రీలకు చేరే వరకు రేడియేటరు దారి మూసి ఉంచే థర్మోస్టాట్‌ను 'మన ఎండలకు ఇదెందుకు' అని మేస్త్రీలు తీసివేయడం ఈ ప్రాంతంలో సాధారణం. అది లేని ఇంజిన్ బరువు లేని వేళ, ముఖ్యంగా రాత్రి, ఎప్పటికీ పనివేడిని అందుకోదు. పైన చెప్పిన నష్టాలన్నీ అప్పుడు మరింత త్వరగా వస్తాయి. ఐడ్లింగ్ గురించి ఇచ్చే సలహాలో మొదటి అంశం థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టించడమే కావాలని మా అభిప్రాయం.

డ్రైవరు ఇంజిన్‌ను ఎందుకు ఆపడు?

ఆపితే మళ్లీ సెల్ఫ్ అందుకోదన్న భయం వల్ల. బ్యాటరీ పాతబడి, టెర్మినళ్లు పూతపట్టి, ఆల్టర్నేటర్ బెల్టు వదులై ఉన్న బండిని వరుసలో ఆపివేయడానికి ఎవరూ సాహసించరు. బ్రేకుల గాలి దిగిపోయే లారీలలోనూ ఇదే పరిస్థితి. ఆపితే గాలి మళ్లీ నిండే వరకు కదలలేరు, ఈలోగా వెనుక బండి ముందుకు దూరుతుంది. కనుక 'ఇంజిన్ ఆపండి, డీజిల్ ఆదా చేయండి' అనే గోడపత్రం ఒక్కటే చాలదు. కోతలకు ముందే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, గాలి గొట్టాల పరీక్షను ట్రాక్టరు తనిఖీ శిబిరాలలో చేర్చితే ఐడ్లింగ్ దానంతట అదే తగ్గుతుంది.

కొంత ఐడ్లింగ్ మాత్రం అవసరమే. స్టార్టు చేసిన తర్వాత ఆయిల్ పీడనం నిలదొక్కుకునే వరకు ఒకటి రెండు నిమిషాలు, బరువు లాగి వచ్చిన టర్బో ఇంజిన్‌ను ఆపే ముందు 3 నుండి 5 నిమిషాలు నడపాలి. వెంటనే ఆపితే వేడి టర్బో బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

తప్పనిసరి అయినప్పుడు

పది నిమిషాలకు మించి ఆగవలసి ఉంటే ఆపివేయడమే ఉత్తమం. అది వీలుకాని చోట చుట్లను నిమిషానికి 1000–1200కు పెంచి ఉంచాలి. ఇంధనం కొంత ఎక్కువ ఖర్చయినా ఆయిల్ పీడనం, నీటి వేడి మెరుగుపడతాయి. ట్రాక్టరులో దీనికి చేతి థ్రాటిల్ ఉన్నది. కొత్త లారీలలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో చుట్లు పెంచే వీలు ఉంటుంది. యాక్సిలరేటరు మీద రాయి పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే పని. బండి న్యూట్రల్‌లో, చేతి బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టి ఉండాలి. డ్రైవరు దూరం పోరాదు. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు.

రాత్రంతా నిలిచి నడిచిన బండిని తెల్లవారగానే ఘాటు ఎత్తుకు గట్టిగా లాగించరాదు. కొన్ని కిలోమీటర్లు నిదానంగా నడిపి వేడెక్కిన తర్వాత 20–30 నిమిషాలు తగిన బరువుతో నడపాలి. అప్పుడు ఆయిల్‌లోని తేమ, తేలికపాటి ఇంధన భాగం కొంతవరకు ఆవిరవుతాయి, గొట్టంలోని మసి కాలుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 లారీలలోనూ, 2023 జనవరి నుండి ట్రెమ్-4 ప్రమాణం వర్తిస్తున్న 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లలోనూ ఈ సమస్య మరో రూపం దాల్చింది. పొగలోని మసిని పట్టే వడపోత అమర్చిన ఇంజిన్లలో చల్లని పొగ వల్ల ఆ వడపోత త్వరగా నిండుతుంది. యూరియా ద్రావణం చిమ్మే బండ్లలో పొగ వేడి సుమారు 200 డిగ్రీలు లేనిదే ఆ చర్య సాగదు. నిండిన వడపోతను శుభ్రపరచుకునేటప్పుడు లోపలి వేడి 550 డిగ్రీలు దాటుతుంది. వరిగడ్డి మీద, నల్లమల అంచున ఎండిన బోద మీద బండిని ఆపి ఈ ప్రక్రియ జరగనిస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది.

గంటల లెక్క

లారీ సర్వీసును కిలోమీటర్లతో లెక్కించడంలో ఐడ్లింగ్ పూర్తిగా జారిపోతుంది. ఒక గంట ఐడ్లింగ్‌ను సుమారు 40 కిలోమీటర్ల పరుగుగా లెక్కించే పద్ధతి ఉన్నది. రోజుకు 5 గంటలు నిలిచి నడిచే బండికి నెలలో 6,000 కిలోమీటర్లు మీటరుకు ఎక్కకుండానే చేరతాయి. పాత ట్రాక్టర్లలోని యాంత్రిక గంటల మీటరు ఇంజిన్ చుట్లను బట్టి తిరుగుతుంది. 1500 చుట్లకు సరిచేసిన మీటరు, 750 చుట్ల వద్ద 2 గంటలు నడిస్తే 1 గంటే చూపుతుంది. అందువల్ల పుస్తకంలో నిలుపు గంటలను వేరుగా రాయించాలి.

ఇంధన ఖర్చును విద్యార్థులు క్షేత్రంలోనే కొలవవచ్చు. చదునైన నేల మీద ట్యాంకును మెడ వరకు నింపి, సరిగ్గా 2 గంటలు ఐడ్లింగ్‌లో నడిపి, అదే చోట కొలజాడీతో మళ్లీ మెడ వరకు నింపాలి. పోసిన పరిమాణంలో సగమే గంట ఖర్చు. గంటకు 2 లీటర్లు తేలితే, 8 గంటల రాత్రికి 16 లీటర్లు. మంచి బ్యాటరీ ఖరీదును ఆ లీటర్ల ధరతో భాగించి, ఎన్ని రాత్రులలో తిరిగి వస్తుందో యజమాని ఎదుటే లెక్కవేసి చూపాలి.